యథాప్రకారం

మావారు జకరయ్య గారు పోయింది ఆగస్టు నెలలో, ఒక గురువారం ఉదయం. నేను అంగలకుదురు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. హెడ్మిస్ట్రెస్ గారు గుమ్మంలోకి వచ్చి, పిల్లల ముందు ఏమీ అనకుండా, నా చేతిలోని సుద్దముక్క తీసుకున్నారు. ఆవిడ ఎప్పుడూ అలా చేయలేదు. ఇంటి దగ్గర ఏదో జరిగిందని అప్పుడే తెలిసింది.

ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఫోన్ మాట్లాడుతూ పోయారు. ఫోన్ అవతల ఉన్నది గౌతమి. రేపల్లెలో డ్రెయిన్లు చూసే ఇంజనీరు, ఆయన కార్యదర్శిగా ఉన్న ఇంజనీర్ల సొసైటీలో సభ్యురాలు. “నీకో పని చెబుతాను, ఒక్క నిమిషం ఆగమ్మాయ్” అన్నారట. ఆ అమ్మాయి ఆగింది. మాట రాకపోతే, పెద్దాయన కళ్ళజోడు వెతుక్కుంటున్నారేమో అనుకుని ఇంకా ఆగింది. తరవాత అనుమానం వచ్చి, మా వీధిలోనే ఉండే నాగమల్లేశ్వరరావు గారికి ఇంకో ఫోన్ నుంచి చెప్పింది. ఆయన లుంగీతోనే పరుగెత్తుకొచ్చారు. అప్పటికే అయిపోయింది.

ఏ పని చెప్పబోయారో గౌతమికి తెలీదు. నాకూ తెలీదు.

మరుసటి రోజు సమాధుల తోటలో గొయ్యి తవ్వితే నీళ్ళూరాయి. కాలవలు నిండుగా పారే రోజుల్లో మా ప్రాంతంలో అది మామూలే. పాస్టరు గారు బైబిలు తెరిచి నిలబడ్డారు. సొసైటీ వాళ్ళంతా గొయ్యి చుట్టూ మూగారు.

“మూడడుగుల్లోనే నీళ్ళు తగిలాయి,” అన్నారు అధ్యక్షులు రామబ్రహ్మం గారు, చేతికర్రతో చూపిస్తూ.

“మూడు కాదండి, మూడున్నర ఉంటది,” అన్నారు ఎవరో.

“మూడైనా మూడున్నరైనా ముందు తోడాలి కదండీ. పక్కన చిన్న గుంట తీస్తే నీళ్ళన్నీ అందులోకి దిగుతాయి,” అన్నారు నాగమల్లేశ్వరరావు గారు.

“ఏ పక్కన తీస్తావ్? కాలవ వైపు తీస్తే ఇంకా ఊరతాయి. రోడ్డు వైపు తియ్యి,” అన్నారు రామబ్రహ్మం గారు.

ఎవరో పక్క పొలంలోంచి నీళ్ళు తోడే చిన్న ఇంజను మోయించుకొచ్చారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు ప్యాంట్లు పైకి మడిచి బురదలో దిగారు. మా ఆడపడుచుకి కోపం వచ్చింది. “ఇక్కడ కూడా మీటింగేనా వీళ్ళకి?” అంది నా చెవిలో. నాకు కోపం రాలేదు. పెట్టెలో కాకుండా బయట ఉండి ఉంటే ఆయన కూడా ఆ బురదలోనే ఉండేవారు. నీళ్ళు తోడేదాకా పాస్టరు గారు వేలు పేజీల మధ్య పెట్టుకుని ఆగారు. తరవాత పాట పాడాం.

ఈ సొసైటీ గురించి కొంచెం చెప్పాలి. దీని హెడ్డాఫీసు విజయవాడలో ఉంది. మాది తెనాలి సెంటరు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కాలవలు, డ్రెయిన్లు, వంతెనలు, కరెంటు లైన్లు చూసేవాళ్ళు, చూసి మానేసినవాళ్ళు, పాలిటెక్నిక్ లెక్చరర్లు ఇందులో ఉంటారు. నెలకోసారి తెనాలిలో ఒక మేడ మీది గదిలో కలుస్తారు. ఒకరు ప్రసంగిస్తారు, మిగతావాళ్ళు తప్పులు పడతారు, చివర అందరూ టిఫిన్ తిని ఎవరి బస్సు వాళ్ళు, ఎవరి రైలు వాళ్ళు ఎక్కుతారు.

వీళ్ళకొక అలవాటుంది. సెప్టెంబరులో వార్షిక సమావేశం జరుగుతుంది. అజెండాలో ఆఫీసు బేరర్ల ఎన్నిక ఎప్పుడూ ఆఖరి అంశం, టిఫిన్‌కి ముందు. రామబ్రహ్మం గారు “ఆఫీసు బేరర్లు?” అంటారు. సభ్యులంతా ఒకే గొంతుతో “యథాప్రకారం” అంటారు. అప్పటికే మెట్ల మీద నుంచి ఉప్మా వాసన వస్తూ ఉంటుంది. ఆ ఒక్క మాటతో అధ్యక్షులు అధ్యక్షులుగానే, కోశాధికారి నాగమల్లేశ్వరరావు గారు కోశాధికారిగానే, మావారు కార్యదర్శిగానే ఏళ్ళ తరబడి ఉండిపోయారు. “నన్నెవరూ ఎన్నుకోలేదు స్వర్ణా, ఉప్మా ఎన్నుకుంది” అనేవారు ఇంటికొచ్చి.

ఆయన పోయాక వచ్చిన సెప్టెంబరులో కూడా సమావేశం జరిగింది. ముందు సంతాప తీర్మానం చేశారు. లేచి నిలబడి మౌనం పాటించారు. నాగమల్లేశ్వరరావు గారు ఏడ్చారట. తరవాత పద్దులు, నివేదిక, వచ్చే ఏడాది కార్యక్రమాలు అయ్యాయి. “ఆఫీసు బేరర్లు?” అన్నారు రామబ్రహ్మం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

“యథాప్రకారం,” అన్నారు అందరూ.

రామబ్రహ్మం గారు ఆ సాయంత్రమే తీర్మానాన్ని హెడ్డాఫీసుకి పంపేశారు. ఆయన ఏ పనీ రేపటికి ఉంచరు.

మావారి ఫోన్ నా సంచీలోనే ఉండేది. విషయం తెలియనివాళ్ళు చేస్తూ ఉండేవారు, చెప్పాలి కదా అని వెంట ఉంచుకున్నాను. ఒకరోజు స్టాఫ్‌రూములో ఉండగా మెసేజి వచ్చింది. హెడ్డాఫీసు వాళ్ళ పత్రికలో నాయకత్వ మార్పులని ఒక పేజీ వేస్తారు, అది. చుట్టూ పూలు, మధ్యలో నీలం చొక్కాలో ఆయన ఫొటో. ‘తెనాలి సెంటరు కార్యదర్శిగా ఏకగ్రీవంగా తిరిగి ఎన్నికైన ఇంజనీరు పి. జకరయ్య గారికి అభినందనలు. వారి సారథ్యంలో సెంటరు మరింత ముందుకు సాగాలని ఆకాంక్ష.’

నేను మళ్ళీ చదివాను.

“ఏంటి వదినా, నవ్వుతున్నావు?” అంది పక్క కుర్చీలోని హెలెన్.

నవ్వుతున్నానని నాకు తెలీదు. ఫోన్ తన చేతికిచ్చాను. హెలెన్ చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలీక నా వైపు చూసింది.

ఆ ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి అధ్యక్షులూ కోశాధికారీ ఇద్దరూ మా వరండాలో కూర్చుని ఉన్నారు. రామబ్రహ్మం గారు బాపట్ల నుంచి కారు కట్టించుకుని వచ్చారు.

“చెల్లెమ్మా, మేం చేసింది మనుషులు చేసే పని కాదు,” అన్నారు నాగమల్లేశ్వరరావు గారు.

“మనుషులే చేస్తారు. గేదెలు తీర్మానాలు చెయ్యవు,” అన్నారు రామబ్రహ్మం గారు.

“మీరు అడగబట్టే కదండీ మేం అన్నాం.”

“నేను అడిగింది ప్రశ్న. జవాబు మీది.”

“కళ్ళజోడు పెట్టుకుని అడిగుంటే ఎదురుగా ఖాళీ కుర్చీ కనపడేది.”

“నీకు కళ్ళజోడు లేదుగా, నీకెందుకు కనపళ్ళేదు?”

నేను కాఫీ ఇచ్చాను. “ఫర్వాలేదండి. ఆయన ఉంటే చాలా నవ్వేవారు,” అన్నాను.

“ఉంటే నవ్వాల్సిన పనే లేదుగా అమ్మా,” అన్నారు రామబ్రహ్మం గారు. ఇద్దరూ కాఫీ తాగారు. వెళ్ళేటప్పుడు, వచ్చే మీటింగులోనే సరిచేస్తామని చెప్పారు.

అది వాళ్ళు అనుకున్నంత తేలిక కాలేదు. రెండు రోజులకి హెడ్డాఫీసు నుంచి మాధురి అనే అమ్మాయి ఆయన నంబరుకే ఫోన్ చేసింది. కార్యదర్శి పేరు మార్చాలంటే ప్రత్యేక సమావేశం పెట్టాలి, కనీసం పదిహేనుమంది సభ్యులు హాజరు కావాలి, కొత్త పేరు జనవరి ఆఖరు లోపల నమోదు చెయ్యాలి.

“నమోదు చేసేటప్పుడు ప్రస్తుత కార్యదర్శి గారి ఫోనుకి ఓటీపీ వస్తుందండి. సార్‌ని చెప్పమనండి.”

“ఆయన లేరమ్మా.”

“ఎప్పుడొస్తారండి?”

ఆ అమ్మాయి తప్పేం లేదు. “ఆయన చనిపోయారమ్మా,” అన్నాను. అప్పటిదాకా అందరితో ‘పోయారు’ అనో, ‘ప్రభువు పిలుచుకున్నారు’ అనో చెబుతూ వచ్చాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి.

మాధురి కంగారు పడింది. “సారీ అండి. నా దగ్గర ఉన్న పేజీలో ఇంకా ఆయన పేరే ఉంది,” అంది. జనవరి దాటితే ఏమవుతుందని అడిగాను. “కార్యదర్శి లేని సెంటర్లని పక్క సెంటర్లో కలిపేస్తున్నారండి. తెనాలిని గుంటూరులో కలుపుతారు. నా చేతిలో ఏం లేదండి.”

గుంటూరులో సాయంత్రం మీటింగు పెడితే రేపల్లె వాళ్ళు తిరిగి ఇల్లు చేరలేరు. బాపట్ల పెద్దవాళ్ళు అంత దూరం రాలేరు. కలిపేయడమంటే తెనాలి సెంటరు ఉండదనే అర్థం. ఆయన తన ఆదివారాలన్నీ దానికి ఇచ్చారు. కొత్త పేరు పెట్టకపోతే ఆ సెంటరు పోతుంది. పెడితే ఆయన పేరు పోతుంది. ఈ ఫోన్ మోగడం కూడా ఆగిపోతుంది. నాకు రెండూ కావాలి. రెండూ ఉండవని తెలుసు.

ప్రత్యేక సమావేశం నవంబరులో పెట్టారు. వాట్సాప్ గ్రూపులో కబురు పెడితే అందరూ దణ్ణాలూ బొటనవేళ్ళూ పంపారు. తీరా ఆ రోజు వచ్చింది ఏడుగురు. డిసెంబరులో మళ్ళీ పెట్టారు. ఈసారి ఐదుగురు, అందులో ఒకాయన మేడ తప్పి వచ్చిన ఇన్సూరెన్సు ఏజెంటు.

“ఆయన్ని కూడా సభ్యుణ్ణి చేసేద్దామనుకున్నాం చెల్లెమ్మా, ఒప్పుకోలేదు. పైగా మాకే పాలసీ అంటగట్టబోయాడు,” అన్నారు నాగమల్లేశ్వరరావు గారు. నవ్వించడానికే అన్నారు గానీ మొహంలో దిగులుంది. “జకరయ్య ఎలా రప్పించేవాడో నాకిప్పటికీ అర్థం కాదు.”

ఎలా రప్పించేవారో నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళు, ఆయన వరండాలో ఫోన్ మాట్లాడుతుంటే నేను లోపల కూరగాయలు తరుగుతూ విన్నాను. ఆయన ఎవర్నీ ‘మీటింగుకి రండి’ అనగా వినలేదు. “సుందరయ్య గారూ, జంపని నుంచి ఇద్దరు రావాలి, వాళ్ళకి బండి లేదు. మీ కారులో ఎక్కించుకు రావాలి” అనేవారు. ఒకరికి ఫ్లాస్కు తెచ్చే పని, ఒకరికి బ్యానరు కట్టే పని, అలిగినాయనకి అలిగిన ఇంకో ఆయన పక్కన కూర్చునే పని. పిలిస్తే రానివాళ్ళు, పని చెబితే వచ్చేవారు. నేనిది నాగమల్లేశ్వరరావు గారికి చెప్పాను. “అవునా? నాకెప్పుడూ ఏ పనీ చెప్పలేదే,” అన్నారాయన.

“మీకు ప్రతిసారీ తాళం తియ్యమని చెప్పేవారు కదండీ.”

ఆయన జేబు తడుముకున్నారు. తాళంచెవి అందులోనే ఉంది.

జనవరిలో ఒక శనివారం గౌతమి వచ్చింది. రేపల్లె ప్యాసింజరు దిగి, స్టేషన్ నుంచి నడిచి, చేతిలో జామకాయల సంచీతో. ఆయన పోయాక ఆ అమ్మాయి మా ఇంటికి రావడం అదే మొదటిసారి. భూస్థాపన రోజు దూరంగా నిలబడి వెళ్ళిపోయింది. గుమ్మంలోనే ఆగి వరండాలో కుర్చీ వైపు చూసింది. నేను దాన్ని తియ్యలేదు, జరపలేదు.

“అందులో కూర్చో,” అన్నాను.

“వద్దు మేడం.” మెట్టు మీద కూర్చుంది. నేనూ మెట్టు మీదే కూర్చున్నాను.

కాసేపటికి అంది, “సొసైటీలో చేరి మూడేళ్ళయింది మేడం. అందరూ నన్ను బొకే ఇవ్వడానికే పిలిచారు. ముఖ్య అతిథి వస్తే, గౌతమీ, రా అమ్మా. ఫొటో తీసేటప్పుడు, గౌతమీ, ముందుకి రా అమ్మా. నేను చూసే డ్రెయిను గురించి ఒక్కరూ అడగలేదు. సార్ ఒక్కరే అడిగారు. ఆ రోజు అదే మాట్లాడుతున్నాం.”

“ఏం మాట్లాడుకున్నారు?”

“మొగ దాకా ప్రయాణం పెట్టాలన్నారు.”

నాకు ఆ ప్రయాణం సంగతి తెలుసు. రేపల్లె దాటి వెళ్తే డ్రెయిను సముద్రంలో కలిసే చోటుంది. ఆ మొగ దగ్గర ఇసుక మేట వేస్తే నీళ్ళు వెనక్కి తన్ని చేలు మునుగుతాయి. సొసైటీలో చాలామంది నీళ్ళతోనే పనిచేశారు గానీ ఆ చోటు చూసినవాళ్ళు తక్కువ. “బతుకంతా నీళ్ళు వదిలాం, అవి ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారి చూసొద్దాం” అనేవారాయన. అందరికీ ఒక వ్యాను, పెద్దవాళ్ళకి కుర్చీలు, మధ్యాహ్నానికి భోజనం, అంతా అనుకున్నారు. తేదీ ఒక్కటే మిగిలింది.

“తరవాత నీకో పని చెబుతాను, ఒక్క నిమిషం అన్నారు. నేను లైన్లోనే ఉన్నాను మేడం. అరవాల్సింది. ముందే ఎవరికైనా చెప్పాల్సింది.”

“డాక్టరు గారు చెప్పారు కదమ్మా, ఎవరున్నా ఏం చెయ్యగలిగేవాళ్ళు కాదని.”

“చెప్పారు.”

ఇద్దరం జామకాయలు తిన్నాం. ఒకటి బాగా పుల్లగా ఉంది. వెళ్ళేముందు, సెంటరు నిజంగా మూసేస్తారా అని అడిగింది. మూసేస్తారని చెప్పాను. “అయితే మొగ ఎవరు చూస్తారు?” అంది, నన్ను కాదు, ఊరికే అంది.

ఆ సాయంత్రం నేను రామబ్రహ్మం గారికి ఫోన్ చేశాను. ఆయనకి మోకాలి ఆపరేషనై మేడ ఎక్కలేకపోతున్నారు. మీటింగు బాపట్లలో వాళ్ళింట్లో పెట్టమన్నాను. జనవరి ఆఖరి ఆదివారం అనుకున్నాం. “నువ్వు ఎందుకమ్మా ఈ తిప్పలు?” అన్నారు. “ఆదివారం నాకు ఖాళీయేనండి,” అన్నాను.

తరవాత గౌతమికి నా ఫోన్ నుంచి మొగ ఫొటోలు తెమ్మని చెప్పి, మావారి కుర్చీ పక్కన స్టూలు వేసుకుని, ఆయన ఫోన్ తీసుకుని, సభ్యులకి చేయడం మొదలుపెట్టాను. నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. వాళ్ళ ఫోన్లలో ఏం కనపడుతుందో నేను ముందు ఆలోచించలేదు.

రేపల్లెలో సుబ్బారావు గారు మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, “ఎవరది?” అన్నారు భయంభయంగా.

“నేనండి, స్వర్ణలతని. జకరయ్య గారి భార్యని.”

“అమ్మా! తెర మీద జకరయ్య సార్ అని వచ్చింది. చేతిలో పళ్ళెం వదిలేశాను తల్లీ.”

“అయ్యో, ఏం పడిపోయింది?”

“పెసరట్టు. పోతే పోయింది. చెప్పండమ్మా.”

“ఆదివారం రామబ్రహ్మం గారింట్లో గౌతమి మొగ ఫొటోలు తెర మీద చూపిస్తుంది. పొడుగు వైరున్న స్విచ్చిబోర్డు మీ దగ్గరే ఉందటగా. అది లేకపోతే ఆ ప్రొజెక్టరు నడవదు.”

“తెస్తాను. రెండున్నాయి, రెండూ తెస్తాను.”

సుందరయ్య గారు తనకి ఒంట్లో బాగుండటం లేదన్నారు. “నేనొకణ్ణి రాకపోతే ఏమవుద్ది టీచర్ గారూ?” అన్నారు. జంపని వాళ్ళిద్దరికీ బండి లేదని చెప్పాను. “వాళ్ళింకా బండి కొనలేదా? ఎన్నేళ్ళు మోస్తానండీ?” అని విసుక్కుని, ఎన్నింటికి బయల్దేరాలని అడిగారు. ఇంకొకాయన ఫోన్ ఎత్తి “సార్!” అన్నారు. నేనని తెలిశాక “క్షమించండమ్మా” అన్నారు. ఆయనకి బ్యానరు పని చెప్పాను.

ఆ ఆదివారం తెనాలి నుంచి నేనూ నాగమల్లేశ్వరరావు గారూ రైల్లో వెళ్ళాం. బాపట్లలో రామబ్రహ్మం గారి ఇంటి ముందు చెప్పులు వరండా నిండి మెట్ల మీదకి వచ్చాయి. నాగమల్లేశ్వరరావు గారు చెప్పులు చూసి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో కళ్ళు తుడుచుకుని, “ఇంక లెక్కక్కర్లేదు,” అన్నారు.

రామబ్రహ్మం గారి భార్య బసవమ్మ గారు పెద్ద గిన్నెలో పులిహోర కలిపి, మూత పెట్టి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

“తీర్మానం అయ్యేదాకా ఈ మూత తియ్యను. ముందు వాసన తగిలితే మళ్ళీ ఆ మాటే అంటారు,” అన్నారావిడ.

గౌతమి ఫొటోలు చూపించింది. సన్నటి డ్రెయిను, తుప్పలు, చివర ఇసుక తిప్ప, దాని అవతల సముద్రం. వీళ్ళు తప్పులు పట్టారు. ఇసుక ఏ నెలలో వేస్తుంది, ఎటు నుంచి వస్తుంది, తవ్వితే ఎన్నాళ్ళుంటుంది అని ఒకరి మాట మీద ఒకరు అడిగారు. ఆ అమ్మాయి తెలిసింది చెప్పింది, తెలియనిది తెలీదంది. సుబ్బారావు గారు రెండో స్విచ్చిబోర్డు చేతిలో పట్టుకుని ఆఖరుదాకా నిలబడే ఉన్నారు.

తరవాత రామబ్రహ్మం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. అందరినీ ఒకసారి చూశారు. “ఆఫీసు బేరర్లు?” అన్నారు.

వెనక నుంచి ఎవరో “యథా...” అని నాలుక కరుచుకున్నారు. ఎవరూ తల తిప్పి చూడలేదు.

“కార్యదర్శి ఎవరు?” అన్నారు రామబ్రహ్మం గారు.

ఒకరికి బీపీ ఉంది. ఒకరి కూతురు పురిటికి రావాలి. ఒకాయనకి చెవి సరిగా వినపడదు, అది మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

“మేడం గారినే పెట్టేద్దాం. అందర్నీ రప్పించింది ఆవిడేగా,” అన్నారు సుబ్బారావు గారు. చప్పట్లు కూడా కొట్టారు.

“నేను ఇంజనీర్ని కాదండి,” అన్నాను.

“నిబంధన సడలిద్దాం.”

“చనిపోయినవారిని ఎన్నుకున్నారు, ఇంజనీరు కానివారిని ఎన్నుకుంటారు. హెడ్డాఫీసులో ఆ అమ్మాయి మాధురి ఏమైపోవాలండి?” అన్నాను. నవ్వారు. రామబ్రహ్మం గారు కర్రతో నేల మీద కొట్టి మరీ నవ్వారు. ఆ నవ్వు ఆగాక మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నేను చేస్తానండి,” అంది గౌతమి.

“నువ్వు రేపల్లెలో ఉంటావు కదమ్మాయ్. తెనాలి రావాలి, బాపట్ల రావాలి. ఆడపిల్లవి,” అన్నారు నాగమల్లేశ్వరరావు గారు.

“మొగ దాకా బండి మీద పోయొస్తున్నా బాబాయ్ గారూ. దానికంటే తెనాలి రోడ్డు నయం.” కొంచెం ఆగి అంది, “ఆ రోజు సార్ నాకో పని చెబుతానన్నారు. ఏంటో తెలీదు. ఇదై ఉండదు, ఉప్మాకి చెప్పిరమ్మనడానికే అయ్యుండొచ్చు. కానీ నాకు ఇంకా లైన్లోనే ఉన్నట్టుంది. ఏదో ఒక పని చెయ్యనివ్వండి.”

నాగమల్లేశ్వరరావు గారు లేచి వెళ్ళి ఆ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టారు. “ఏకగ్రీవం,” అన్నారు. చేతులెత్తండి అన్నారు రామబ్రహ్మం గారు. ఆ సొసైటీలో చేతులెత్తగా నేను చూడటం అదే మొదటిసారి.

గౌతమి లాప్‌టాప్‌లో తన వివరాలు కొట్టింది. “ఓటీపీ వస్తుంది మేడం,” అంది.

నా సంచీలో ఆయన ఫోన్ మోగింది. తీసి చదవబోయాను. మొదటి అంకె చెప్పాను, రెండోది చెప్పాను. మూడోది చదవలేకపోయాను. లోపల బసవమ్మ గారు కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. గడువు దాటిపోయిందని తెర మీద వచ్చింది.

“రేపు చేద్దాం మేడం,” అంది గౌతమి నెమ్మదిగా.

“లేదమ్మా. ఇంకోసారి పంపు.”

రెండోసారి, పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కో అంకె విడివిడిగా చెప్పాను. గౌతమి కొట్టింది. తెర మీద కార్యదర్శి అన్న చోట తన పేరు వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, పూర్వ కార్యదర్శి అని, ఆయన పేరు. అలా వస్తుందని నాకు తెలీదు.

బసవమ్మ గారు మూత తీశారు. పులిహోర చల్లారిపోయిందని అందరూ ఆవిణ్ణి ఆటపట్టించారు. ఎవరూ తక్కువ తినలేదు.

ఇది జరిగి నెలలయింది. సెంటరు తెనాలిలోనే ఉంది. మీటింగులకి ఇదివరకంత మంది రావడం లేదు గానీ వస్తున్నారు. గౌతమి ఎవర్నీ రమ్మని పిలవదు, పని చెబుతుంది. నాగమల్లేశ్వరరావు గారు తాళం తీయడం తన పనేనని అందరికీ చెప్పుకుంటున్నారు. మావారి ఫోన్‌కి ఇప్పుడు గౌతమి ఒక్కతే చేస్తుంది. నా నంబరు ఉన్నా, దానికే చేస్తుంది. నేను ఎత్తుతాను. బొకేలు మానేశామని మొన్న చెప్పింది.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. సొసైటీ వాళ్ళు వెనక బెంచీల్లో కూర్చున్నారు. వాళ్ళకి రాని పాటలు పెదవులతో పాడారు.

మొగ ప్రయాణానికి గౌతమి రెండుసార్లు తేదీ వేసింది. ఒకసారి రామబ్రహ్మం గారి మోకాలు వాచింది, ఆయన్ని వదిలి వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఇంకోసారి వానలకి గట్టు మీద దారి పోయింది. మళ్ళీ వ్యానుకి చెప్పాం, కుర్చీలకి చెప్పాం, భోజనం ఎవరు తేవాలో చెప్పాం. నేను కూడా వస్తానని పేరిచ్చాను.

ఆ ప్రయాణం ఇంకా జరగలేదు.